పెద్దనాన్న జో లూయిస్, మావయ్య అలీ

మా ఇంట్లో బీరువా అడుగు అరలో ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. అట్ట ఎప్పుడో ఊడిపోయింది, కాగితాలు పసుపురంగుకి తిరిగాయి, కుట్టు మాత్రం చెక్కుచెదరలేదు. మొదటి పేజీలో నా చేతిరాతే, పెద్దక్షరాలతో ‘మహమ్మద్ అలీ ఫైట్లు’ అని, కింద 1986 ఆగస్టు అని ఉంటుంది. మొన్న దసరాకి ఇల్లు దులుపుతుంటే మా చిన్నమ్మాయి దాన్ని పైకి తీసి ‘ఇదేంటి నాన్నా, నీకు బాక్సింగ్ పిచ్చి ఉండేదా?’ అనడిగింది. ఆ పిచ్చి మా పెద్దనాన్నది, మావయ్యది, నాకు వాళ్ల దగ్గర్నుంచే అంటుకుంది అని చెప్పడం మొదలుపెట్టాను, కాసేపటికి వరదలోకి, అక్కణ్ణుంచి అస్సాం అడవుల్లోకి వెళ్లిపోయాను, పిల్లకి నిద్రొచ్చేసింది. అందుకే కుదురుగా ఇక్కడ రాస్తున్నా.

మాది వశిష్ఠ గోదావరిలో, సిద్ధాంతం ఊరికి దిగువన, ఒక లంక. కొబ్బరి, అరటి, పొగాకు, వరద తీశాక ఒండ్రు మీద కాయగూరలు. బడికెళ్లాలన్నా, డాక్టరు కావాలన్నా, ఆఖరికి అగ్గిపెట్టె అయిపోయినా పడవ దాటాల్సిందే. రేవులో ఒక రావిచెట్టు, దాని చుట్టూ అరుగు, పక్కనే తాటాకు టీ కొట్టు. పొద్దు వాలేసరికి మా పెద్దనాన్న ఆ అరుగు మీద చుట్ట వెలిగించుకుని కూర్చునేవాడు. ఆఖరి పడవలో మావయ్య దిగేవాడు. మావయ్య అంటే మా అమ్మకి తమ్ముడు, చిన్నప్పుడే తల్లీతండ్రీ పోతే అమ్మ తెచ్చుకుని పెంచింది. నరసాపురంలో డిగ్రీ చదివి అవతలి ఒడ్డున సొసైటీలో గుమాస్తాగా చేరాడు. చంకలో పేపరుతో ఒడ్డు మీద కాలు పెడుతూనే ‘బావగారూ, చూశారా’ అని మొదలెట్టేవాడు. ఇంట్లో అన్నాలు చల్లారిపోయేవి.

నాకు బాగా గుర్తున్న మొదటి రోజు 1974 అక్టోబరు 30. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. కిన్షాసాలో అలీ, జార్జి ఫోర్‌మన్ తలపడింది అక్కడి తెల్లవారుజామున నాలుగింటికి, అంటే మనకి ఉదయం ఎనిమిదిన్నర, నేను పలక సంచీతో పడవ ఎక్కే వేళ. అది నాకు తర్వాతెప్పుడో తెలిసింది. ఆ సాయంత్రం మాత్రం రేడియో వార్తలు వింటూనే మావయ్య గంతేశాడు. ఫోర్‌మన్ అప్పటికి 40 ఫైట్లు ఆడి ఒక్కటీ ఓడిపోలేదు, అందులో 37 నాకౌట్లు. అలీకి 32 ఏళ్లు. తాళ్లకి వీపు ఆనించి, ఆ రాక్షసుడు కొట్టినన్ని గుద్దులు కాచుకుని, వాడు అలిసిపోయాక ఎనిమిదో రౌండులో పడగొట్టాడు. ‘కొట్టేశాడండీ బావగారూ, కొట్టేశాడు!’ అని మావయ్య అరుస్తుంటే పెద్దనాన్న చుట్ట నోట్లోంచి తీసి, ‘కొడితే కొట్టాడులే, జో లూయిస్ పాతికసార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడోయ్’ అన్నాడు.

అంతే, ఆ ఒక్క మాట మీద పన్నెండేళ్లు నడిచింది.

అలీ కంటే ముందు తరం హెవీవెయిట్ ఛాంపియన్ జో లూయిస్ పెద్దనాన్నకి ఎలా తెలుసు అంటే, ఆయన 1942లో సైన్యంలో చేరాడు. తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరంలో అయితే ఇంటికొక సిపాయి, మా లంక నుంచి మాత్రం వెళ్లింది ఈయనొక్కడే. అస్సాంలో లెడో నుంచి బర్మా అడవుల మీదుగా చైనాకి రోడ్డు వేస్తున్నారు, అక్కడ మట్టిపని, రాళ్లపని. ఆ రోడ్డు వేసిన అమెరికా సైనికుల్లో ఎక్కువమంది నల్లవాళ్లు. వాళ్లలో బుల్డోజర్ నడిపే ఒకతను పెద్దనాన్నకి స్నేహితుడయ్యాడు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, ఇతను చుట్ట ఇస్తే అతను చాక్లెట్ ఇచ్చేవాడట. వెళ్లేటప్పుడు ఒక బొమ్మ ఇచ్చాడు, ఏదో పత్రికలోంచి చింపింది. సైనిక దుస్తుల్లో, బాయినెట్ పెట్టిన తుపాకీతో జో లూయిస్. ఆ బొమ్మ ట్రంకు పెట్టెలో డిశ్చార్జి కాగితాల మధ్య నాలుగు మడతలు పడి ఉండేది, మాకు ఏడాదికోసారి, సంక్రాంతికి, చూపించేవాడు.

జో లూయిస్ దెబ్బ ఎలా ఉంటుందో నాకు ఆయన ఒకసారి చూపించాడు. అరుగు మీద నన్ను ఎదురుగా నిలబెట్టి, తువ్వాలు కుడిచేతికి చుట్టుకుని, ‘కళ్లు మూయకు’ అన్నాడు. నేను మూయలేదు. భుజం కదల్లేదు, మోచెయ్యి వెనక్కి వెళ్లలేదు, ఉన్నట్టుండి తువ్వాలు చుట్టిన పిడికిలి నా ముక్కుకి వేలెడు దూరంలో ఆగి ఉంది. పొగాకు వాసన, తడి తువ్వాలు వాసన. ‘బెత్తెడు జాగా చాలురా వాడికి’ అన్నాడు. ఇప్పుడు ఫోన్‌లో లూయిస్ పాత ఫైట్లు చూస్తుంటే అచ్చం అదే, పాదాలు జరిగీ జరగనట్టు జరుగుతాయి, చెయ్యి కొద్ది దూరమే కదులుతుంది, ఎదుటివాడు కూలబడిపోతాడు.

ఆయన లెక్క సూటిగా ఉండేది. 1937 జూన్ 22న లూయిస్ షికాగోలో బ్రాడక్‌ని ఎనిమిదో రౌండులో పడేసి ఛాంపియన్ అయ్యాడు, 1949 మార్చిలో తనంతట తాను తప్పుకున్నాడు, ఆ పదకొండేళ్ల ఎనిమిది నెలల్లో టైటిల్ చెయ్యి మారలేదు. 25 సార్లు నిలబెట్టుకున్న ఆ రికార్డు హెవీవెయిట్‌లో నేటికీ అలాగే ఉంది. మొత్తం 69 ఫైట్లు, 66 గెలుపు, అందులో 52 నాకౌట్లు. ఓడినవి మూడే. అందులో మొదటిది 1936లో జర్మనీవాడు ష్మెలింగ్ చేతిలో. రెండేళ్ల తర్వాత న్యూయార్క్ యాంకీ స్టేడియంలో అదే ష్మెలింగ్‌ని మొదటి రౌండులోనే, రెండు నిమిషాల నాలుగు సెకన్లలో, లేవకుండా చేశాడు. హిట్లర్ మనిషి అని ఊరేగిస్తున్నవాణ్ణి ఒక నల్లవాడు పడగొడుతుంటే ప్రపంచం రేడియోకి చెవి పెట్టుకుని విందట. పెద్దనాన్న ఈ ఫైటు చెప్పేటప్పుడు టీ కొట్టు అతను కూడా స్టవ్ తగ్గించి వినేవాడు.

మావయ్య ఊరుకుంటాడా. ‘పాతిక అంటారు సరే, ఆ పాతిక మంది ఎవరండీ? నెలకొక పనికిమాలినవాణ్ణి తెస్తున్నారని వాళ్ల పత్రికలే వెక్కిరించాయి. మా వాడు కొట్టింది లిస్టన్‌ని, ఫ్రేజియర్‌ని, ఫోర్‌మన్‌ని’ అనేవాడు. పెద్దనాన్నకి ఎక్కడలేని కోపం వచ్చేది. ‘1940 డిసెంబరు నుంచి జూన్ దాకా ఏడు నెలల్లో ఏడు టైటిల్ ఫైట్లోయ్. నువ్వు నెలకోసారి జీతం తెచ్చుకున్నట్టు వాడు నెలకోసారి పదిహేను రౌండ్లకి సిద్ధపడి రింగెక్కాడు. ఆ ఏడో వాడు బిల్లీ కాన్, లూయిస్ పాయింట్లలో వెనకబడి ఉండి కూడా వాణ్ణి పదమూడో రౌండులో లేపేశాడు.’ అదీ నిజమే. కోడిపందేల్లో కూడా ఆయన ఇదే మాట అనేవాడు, ఒక్క పందెం గెలిచిన కోడికి దండ వేస్తారు, నాలుగు సంక్రాంతులు నిలబడ్డ కోడి గురించి ఊళ్లో మాట్లాడుకుంటారు అని.

కానీ మావయ్య మాటలో బలం లేదనడానికి లేదు. అలీ 61 ఫైట్లలో 56 గెలిచాడు, 37 నాకౌట్లు, ఐదు ఓటములు. అంకెలు పక్కపక్కన పెడితే లూయిస్‌వే మెరుగు. అయితే అలీ గెలిచినవాళ్ల పేర్లు చదవండి. 1964లో 22 ఏళ్లకే, అందరూ చచ్చిపోతాడనుకుంటుంటే, లిస్టన్‌ని ఓడించాడు. కెన్ నార్టన్ దవడ విరగ్గొడితే ఆరు నెలల్లో మళ్లీ వచ్చి గెలిచాడు. ఫ్రేజియర్‌తో మూడుసార్లు, ఒకటి పోయింది, రెండు వచ్చాయి. మనీలాలో 1975 అక్టోబరు 1న పద్నాలుగు రౌండ్లయ్యాక ఫ్రేజియర్ రెండు కళ్లూ మూసుకుపోతే అతని గురువు ఎడ్డీ ఫచ్ ఇక చాలని ఆపేశాడు. ఆ ఫైటు ఇప్పటికీ పూర్తిగా చూడలేను నేను, మధ్యలో ఆపేస్తాను. ఆ కాలంలో ఉన్నంతమంది గట్టి హెవీవెయిట్లు ఇంకెప్పుడూ ఒక్కసారి లేరు, వాళ్లందరి మధ్య నుంచి నడిచొచ్చాడు అలీ. నన్నడిగితే ఎదుటివాళ్ల లెక్కలో అలీ, నిలకడ లెక్కలో లూయిస్. ఇద్దరినీ ఒక రింగులో పెడితే ఎవరు అంటే, కాళ్లున్న అలీని, అంటే 1966, 67 నాటి అలీని, లూయిస్ అందుకోలేడు. మనీలా తర్వాతి అలీని మాత్రం అందుకుంటాడు. ఈ మాట పెద్దనాన్న ఎదుట అనే ధైర్యం నాకు ఎప్పుడూ లేదు.

1978 ఫిబ్రవరిలో అలీ లియాన్ స్పింక్స్ చేతిలో ఓడిపోయాడు. స్పింక్స్ ప్రొఫెషనల్‌గా ఆడింది అప్పటికి ఏడు ఫైట్లే. మావయ్య ఆ రాత్రి అన్నం తినలేదు. పెద్దనాన్న ఎత్తిపొడుస్తాడేమోనని నేను భయపడ్డాను, ఆయన ఒక్క మాట అనలేదు, పెద్దమ్మతో మజ్జిగ పంపించాడు. సెప్టెంబరులో న్యూఆర్లీన్స్‌లో అలీ అదే స్పింక్స్‌ని ఓడించి మూడోసారి ఛాంపియన్ అయినప్పుడు ఏట్లో ఎర్రనీళ్లు, పులసల కాలం. పెద్దనాన్న వలేసేవాళ్ల దగ్గర ఒక పులస కొనుక్కొచ్చాడు. అంత డబ్బు పోసి ఆయన పులస తేవడం నాకు తెలిసి అదొక్కసారే. ఎందుకు తెచ్చావంటే ‘సీజను కదా’ అన్నాడు. బెండకాయలు వేసి పెద్దమ్మ వండింది, తల ముక్క మావయ్య ఆకులో పడింది.

వాళ్లిద్దరి మధ్య నిజంగా ముల్లులా ఉండిపోయిన సంగతి మాత్రం సైన్యం. 1967లో అలీ వియత్నాం యుద్ధానికి రానన్నాడు, టైటిల్ తీసేశారు, ఐదేళ్ల జైలుశిక్ష వేశారు, అప్పీలు మీద బయట ఉన్నాడు గానీ లైసెన్సు ఇవ్వలేదు. 25 ఏళ్ల వయసు నుంచి 28 దాటేదాకా, ఒక బాక్సర్‌కి ఒళ్లు మాట వినే రోజులన్నీ, రింగు బయటే పోయాయి. అదే లూయిస్ అయితే 1942 జనవరిలో బడ్డీ బేర్‌తో టైటిల్ ఫైటు ఆడి, తన వాటా మొత్తం నేవీ సహాయ నిధికి ఇచ్చేసి, సైన్యంలో చేరిపోయాడు. దాదాపు వంద ప్రదర్శన ఫైట్లు సైనికుల కోసం ఆడాడు. ఆ మార్చిలో ఏబ్ సైమన్‌తో ఆడిన ఒక్క టైటిల్ ఫైటు తప్ప, 1946 జూన్ దాకా టైటిల్ పెట్టెలో పెట్టి తాళం వేసినట్టే. చూడండి, ఇద్దరికీ దాదాపు నాలుగేళ్ల చొప్పున పోయాయి, ఒకరికి యూనిఫాం వేసుకుని, ఇంకొకరికి వేసుకోనని. ‘దేశం పిలిచింది, వాడు వెళ్లాడు, వీడు వెళ్లలేదు’ అనేవాడు పెద్దనాన్న. ‘వెళ్లినవాడికేమిచ్చారు బావగారూ’ అనేవాడు మావయ్య. అక్కడ పెద్దనాన్న ఆగిపోయేవాడు. ఎందుకంటే లూయిస్‌ని యుద్ధం తర్వాత పన్ను బాకీలు పట్టుకున్నాయి, అయిదు లక్షల డాలర్ల పైమాటే. అవి తీర్చడానికి రిటైరైనవాడు మళ్లీ రింగెక్కి 1951లో మార్సియానో చేతిలో తాళ్ల అవతల పడ్డాడు. తర్వాత కుస్తీ పోటీలాడాడు, చివరికి లాస్ వేగస్‌లో ఒక కాసినోలో వచ్చినవాళ్లని పలకరించే ఉద్యోగం. మా పెద్దనాన్న కూడా ఒక కాగితం కోసం ఒక ఆఫీసు చుట్టూ తొమ్మిదేళ్లు తిరిగాడు. అది రాలేదు.

1980 మొదట్లో అలీ మన దేశం వచ్చాడు. మద్రాసు నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన ఫైటు, ఎంజీఆర్ వచ్చారు. మావయ్య సొసైటీలో సెలవు పెట్టి, అమ్మ దాచుకున్న డబ్బు తీసుకుని, సర్కారు ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లాడు. మూడో రోజు సాయంత్రం పడవ దిగేసరికి లంకలో సగం మంది రేవులోనే ఉన్నాం. ఆయన అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగాడు. పెద్దనాన్నే ముందు అడిగాడు, ‘ఎలా ఉన్నాడోయ్?’ అని. ‘ఒళ్లు చేశాడండీ బావగారూ. చాలా దూరం నుంచి చూశాను. నెమ్మదిగా కదులుతున్నాడు. కానీ ఎడమచెయ్యి వదిలినప్పుడల్లా జనం హా అంటున్నారు, నాకు కళ్లమ్మట నీళ్లొచ్చేశాయండీ.’ పెద్దనాన్న తలాడించాడు. ‘ఇక ఆడకూడదు వాడు’ అన్నాడు. ఆ అక్టోబరులోనే లారీ హోమ్స్‌తో ఆడాడు, పదో రౌండు తర్వాత లేవనివ్వలేదు.

1981 ఏప్రిల్ 12న జో లూయిస్ పోయాడు. పేపరులో చిన్న వార్త. ఆరోజు మావయ్య పడవ దిగి ‘చూశారా’ అనలేదు, పేపరు మడిచి ఆ వార్త పైకి వచ్చేలా పెద్దనాన్న పక్కన పెట్టి మెట్ల మీద కూర్చున్నాడు. చనిపోయే ముందురోజు రాత్రి కూడా లూయిస్ వీల్‌చైర్‌లో వెళ్లి హోమ్స్, ట్రెవర్ బెర్బిక్‌ల ఫైటు చూశాడు. అదే బెర్బిక్ ఆ డిసెంబరులో బహామాస్‌లో అలీని ఓడించాడు, అది అలీ ఆఖరి ఫైటు. ఒకరు చివరగా చూసిన మనిషి, ఇంకొకరు చివరగా కొట్టించుకున్న మనిషి. లూయిస్‌ని ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో పెట్టారు, ఖర్చుల్లో కొంత ఆ ష్మెలింగే భరించాడు.

ఆ రాత్రి పెద్దనాన్న చెప్పిన సంగతి అంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు. లెడో రోడ్డు మీద ఆ నల్ల సైనికుల గుడారాలు వేరు, వాళ్ల వంట వేరు, తెల్లవాళ్ల వంట వేరు, పైన ఆఫీసర్లు మాత్రం తెల్లవాళ్లు. జో లూయిస్ యూనిఫాం వేసుకుంది కూడా అలాంటి దళంలోనే. ‘ఆ బుల్డోజర్ అతను నా పక్కన కూర్చుని తినేవాడు, వాళ్ల తెల్లవాళ్ల పక్కన కూర్చోనిచ్చేవారు కాదు. నేను మన టీ కొట్టు చూరుకి వేలాడే గ్లాసులు గుర్తు తెచ్చుకునేవాణ్ణి’ అన్నాడు. అప్పటికి మా రేవు టీ కొట్లో ఇంకా రెండు రకాల గ్లాసులు ఉండేవి, నేను రోజూ చూస్తూనే ఉన్నాను, ఏనాడూ అడగలేదు. పెద్దనాన్న అక్కడ టీ తాగడం నేను ఒక్కసారీ చూడలేదని నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆయన అరుగు మీద ఎందుకు కూర్చునేవాడో, బల్ల మీద ఎందుకు కూర్చునేవాడు కాదో కూడా.

తర్వాత 1986 ఆగస్టు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిందన్నారు. మా లంక మొత్తం మునిగింది. పెద్దనాన్న ట్రంకు పెట్టె తెరిచి కాగితాలూ, బొమ్మా నూనెగుడ్డలో చుట్టి నడుముకి కట్టుకున్నాడు, మేం పిల్లల్నీ ముసలివాళ్లనీ పడవల్లోకి ఎక్కించాం. మావయ్య పదహారేళ్లుగా పేపర్లు కత్తిరించి అంటించుకున్న అలీ పుస్తకాలు మూడు, అటక మీద పెట్టాడు, అక్కడికి నీళ్లు రావనుకున్నాడు. వచ్చాయి.

ఏటిగట్టు మీద టార్పాలిన్ కింద తొమ్మిది రాత్రులున్నాం. ఎవరో పిల్లలకి పంచిన నోట్‌బుక్కుల్లో ఒకటి మిగిలింది. మూడో రాత్రో నాలుగో రాత్రో, మావయ్య ఏటివైపు చూస్తూ కూర్చుంటే పెద్దనాన్న నన్ను పిలిచి, ‘లాంతరు ఇటు జరిపి రాయరా’ అన్నాడు. గళ్లు గీయించాడు, నంబరు, తేదీ, ఎవరితో, ఎక్కడ, రౌండ్లు, ఫలితం. ‘ఒకటి. 1960 అక్టోబరు 29. టన్నీ హన్సేకర్. లూయివిల్. ఆరు రౌండ్లు. గెలుపు.’ అలా చెబుతూనే ఉన్నాడు. పన్నెండేళ్లు జో లూయిస్, జో లూయిస్ అన్న మనిషికి అలీ ఫైట్లు వరసగా నోటికొచ్చు. మావయ్య ఇటు తిరిగాడు. రెండు మూడు చోట్ల తేదీ సరిచేశాడు, తర్వాత అదీ మానేసి వింటూ కూర్చున్నాడు.

ఇరవై తొమ్మిది, జోరా ఫాలీ, న్యూయార్క్, ఏడో రౌండు అని రాసి నేను ముప్ఫై వేయబోతుంటే ‘ఆగు’ అన్నాడు. ‘నంబరు వెయ్యకు. తేదీ రాయి, 1967 ఏప్రిల్ 28. ఎక్కడ, హ్యూస్టన్. ఎవరితో అన్న గడిలో సైన్యం అని రాయి.’ నేను మావయ్య వైపు చూశాను, మావయ్య నేల వైపు చూస్తున్నాడు. ‘రౌండ్ల దగ్గర మూడేళ్ల ఏడు నెలలు. ఫలితం దగ్గర, సుప్రీంకోర్టు, 1971 జూన్, ఎనిమిది సున్నా, గెలుపు.’ గడిలో పట్టక చివరి అక్షరాలు పక్క మార్జిన్‌లోకి వెళ్లాయి, ఇప్పటికీ అలాగే కనిపిస్తాయి.

చుట్ట ఆరిపోయింది. లాంతరు మీద మళ్లీ అంటించుకున్నాడు.

‘ఆ, ఇప్పుడు వెయ్యి ముప్ఫై. జెర్రీ క్వారీ. అట్లాంటా. మూడు రౌండ్లు.’